జామ జెల్లీ ఎలా చేయాలి?

మొదటిసారి చేసేవాళ్లు జామకాయతోనే మొదలుపెట్టాలి, స్ట్రాబెర్రీ జోలికి వెళ్లకూడదు. జెల్లీని గడ్డకట్టించే పెక్టిన్ జామలో బోలెడు. స్ట్రాబెర్రీలో తక్కువ కాబట్టి పెక్టిన్ పొడి కొని కలపాల్సొస్తుంది. పొడి కలిపినదాన్ని నేను ఇంటి జెల్లీ అనను.

కిలో కాయలు తీసుకోండి. ముప్పావు వంతు దోరవి, మిగతావి పండినవి. బాగా మగ్గితే వాసన పెరుగుతుంది గానీ పెక్టిన్ తగ్గిపోతుంది. తొక్క, గింజలు తీయకుండా ముక్కలు కోసి, మునిగేదాకా నీళ్లు పోసి అరగంట ఉడికించండి. పల్చటి బట్టలో కట్టి రాత్రంతా వేలాడదీయండి. తొందరపడి పిండారో, జెల్లీ మసకగా వస్తుంది.

గ్లాసు రసానికి ముప్పావు గ్లాసు పంచదార, చెంచా నిమ్మరసం. నిమ్మకాయ రుచికి కాదు, ఆ పులుపు లేకపోతే పెక్టిన్ పట్టుకోదు. వెడల్పాటి స్టీలు గిన్నెలో పంచదార కరిగేదాకా సన్నమంట, తర్వాత పెద్దమంట. రంగు వేయకండి. తెల్లజామ రసం కూడా మరిగేకొద్దీ దానంతటదే ఎర్రబడుతుంది.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. అరిసెల పాకంలా నీళ్లలో వేసి ఉండ కడుతుందా అని చూస్తారు. ఉండ కట్టేసరికి జెల్లీ ముదిరిపోయి ఉంటుంది, సీసాలో జీడిపాకంలా సాగుతుంది. పొయ్యి మీదే చిక్కబడాలని ఎదురుచూసేవాళ్లదీ అదే గతి. వేడి జెల్లీ పల్చగానే ఉంటుంది, చల్లారాకే గడ్డకడుతుంది.

గరిటె ముంచి, పైకెత్తి, పక్కకి వంచండి. మొదట్లో చుక్కలు విడివిడిగా పడతాయి. కాసేపటికి రెండు చుక్కలు గరిటె అంచున కలిసిపోయి పొరలా జారతాయి. అప్పుడు వెంటనే మంట ఆపేయండి. అనుమానముంటే ముందే ఫ్రీజర్‌లో పెట్టిన పళ్లెం మీద ఒక చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. ముడతలు పడితే అయినట్టే. ఇలా చూసేటప్పుడు కూడా మంట ఆపే ఉండాలి. చాలామంది పళ్లెం మీద చుక్కనే చూస్తూ నిలబడతారు, ఈలోగా గిన్నెలోది ముదురుతుంది.

థర్మామీటరు ఉంటే, సముద్రం ఒడ్డునున్న విశాఖలో 104-105 డిగ్రీల దగ్గర మంట ఆపేయండి. హైదరాబాద్ ఎత్తులో ఉంది, నీళ్లే అక్కడ సుమారు 98 డిగ్రీలకు మరుగుతాయి, కాబట్టి రెండు డిగ్రీలు తగ్గించుకోండి. నాకైతే గరిటే నమ్మకం.

నురగ తీసి, మరిగించి ఆరబెట్టిన వేడి సీసాల్లో పోసి, కదపకుండా వదిలేయండి. మర్నాటికీ పల్చగా ఉంటే ఇంకాస్త నిమ్మరసం వేసి మళ్లీ మరిగించవచ్చు. ముదిరినదాన్ని మాత్రం వేడినీళ్లలో కరిగించి షర్బత్‌గా తాగేయండి, జెల్లీ అని ఎవరికీ పెట్టకండి.