పని ముగిసిన యాత్రల సంఘాన్ని పద్ధతిగా మూసివేయడం ఎలా

ఒడిశాలోని మా బరంపురం స్టేషన్లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పులిహోర పొట్లాలూ మంచినీళ్ళ సీసాలూ సీట్ల కింద సర్దుకుని, మర్నాడు సికింద్రాబాదులో దిగి, అక్కడినుంచి బస్సులో రామోజీ ఫిల్మ్ సిటీకి చేరడం మా ఊరి తెలుగు కుటుంబాలు కొన్నింటికి రెండు దశాబ్దాలకు పైగా సాగిన వార్షిక వేడుక. 1996లో ఆ ఫిల్మ్ సిటీ మొదలైన కొన్నేళ్ళకు మా సంఘం ఏర్పడింది. 2016లో హైదరాబాదు శివారున రావిర్యాల దగ్గర వండర్‌లా తెరిచాక యాత్రలో రెండో మజిలీ చేరింది. కలకత్తా మీద మోజున్నవారి కోసం 1991 నాటి నిక్కో పార్కుకు కూడా వెళ్ళివచ్చాము. అయితే 2024లో భువనేశ్వర్ సమీపంలోనే వండర్‌లా ప్రారంభమైన తరువాత, పొద్దున్నే కారులో బయలుదేరిన కుటుంబం రాత్రి భోజనానికి ఇల్లు చేరే వీలు కలిగింది. టికెట్టు ఫోనులోనే దొరుకుతున్నది. నలభై మందిని పోగుచేసి రైలెక్కించే సంఘానికి పని లేకపోయింది. తగవులేవీ లేకుండా, కేవలం పని తీరిపోయినందువల్ల మూతపడవలసిన ఇటువంటి సంఘాన్ని ఏ వరుసలో ముగించాలో, మేము పొరపాట్లు చేసి నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసిన విషయం, సంఘాన్ని నిజంగా మూయాలా, ఊరకే వదిలివేయాలా అన్నది. "మూయడమెందుకు నాయనా, అలా ఉండనిస్తే మీకేం బరువు?" అని మా పెద్దాయన ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు బ్యాంకు ఖాతాలో ఉంది. రెండేళ్ళకు మించి ఖాతాదారు తరఫున లావాదేవీ ఏదీ జరగకపోతే ఆ ఖాతా నిష్క్రియమవుతుంది. పదేళ్ళపాటు అలాగే పడి ఉంటే అందులోని సొమ్ము రిజర్వు బ్యాంకు నిర్వహించే డిపాజిటర్ల నిధికి బదిలీ అవుతుంది. తిరిగి అడగడానికి హక్కు ఉంటుంది గాని, అడగవలసిన కార్యవర్గంలో అప్పటికి ఎవరు మిగిలి ఉంటారన్నదే సందేహం. పైగా సంఘం పేరు బతికి ఉన్నంత కాలం, ఎవరో ఒకరు ఆ పేరుతో చందా వసూలు చేయవచ్చు. కనుక రెండేళ్ళుగా యాత్ర లేక, మరో రెండేళ్ళలో ఉండే సూచన కూడా కనిపించకపోతే, మూసివేతే మేలని నా అభిప్రాయం.

నిర్ణయం మనసులో కుదిరిన తరువాత వెంటనే సమావేశం పిలవకూడదు. ముందు సభ్యుల పట్టికను సరిచేయాలి. సంఘం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, రద్దుకు మొత్తం సభ్యుల్లో కనీసం ఐదింట మూడు వంతుల మంది, ఆ పని కోసమే పిలిచిన సర్వసభ్య సమావేశంలో స్వయంగా గాని ప్రాక్సీ (తమ బదులు ఓటు వేసే ప్రతినిధి) ద్వారా గాని ఓటు వేసి సమ్మతించాలని 13వ సెక్షన్ చెబుతున్నది. ఇరవై ఏళ్ళ పట్టికలో చనిపోయినవారూ, విశాఖపట్నంలోనో సూరత్‌లోనో స్థిరపడినవారూ, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లలూ అందరూ ఉంటారు. వారందరినీ కలిపి ఐదింట మూడు వంతులు తేవడం అసాధ్యంగా కనిపిస్తుంది. ఇక్కడ 15వ సెక్షన్ అక్కరకు వస్తుంది. మూడు నెలలకు మించి చందా బకాయి ఉన్నవారికి ఓటు లేదు, వారిని సభ్యులుగా లెక్కించనవసరమూ లేదు. ఉదాహరణకు పట్టికలో 112 పేర్లుండి, అందులో 37 మందికి అటువంటి బకాయి ఉంటే, లెక్కలోకి వచ్చేది 75 మంది. వారిలో 45 మంది సమ్మతి చాలు. అయితే చట్టం అనుమతించినది కదా అని పాతవారికి చెప్పకుండా పేర్లు తొలగించడం మర్యాద కాదు. బకాయి ఉన్న ప్రతివారికీ ఒక కార్డుముక్క రాసి, కట్టదలచుకుంటే కట్టే గడువు ఇచ్చాము. కొందరు కేవలం ఓటు వేయడానికే చందా కట్టారు. అంత ప్రేమ యాత్రల రోజుల్లో చూపి ఉంటే సంఘమే మూతపడేది కాదేమో, అది వేరే మాట.

పట్టికతో పాటే చూసుకోవలసినది బ్యాంకులో సంతకాల సంగతి. మేము తప్పు చేసినది ఇక్కడే. మా ఖాతాకు ముగ్గురు సంతకందారులు ఉండేవారు. ఏ ఇద్దరు సంతకం చేసినా చెల్లుతుంది. కోశాధికారిగారు కాలం చేశారు, ఉపాధ్యక్షులు కుమార్తె దగ్గర విజయనగరంలో ఉంటున్నారు, మిగిలినది నేనొక్కణ్ణి. ఆ పేర్లు మార్చకుండానే రద్దు తీర్మానం చేసి, దాని నకలుతో శాఖకు వెళ్ళాము. రద్దయిన సంఘానికి కొత్త సంతకందారులను ఏ అధికారంతో నియమిస్తారని అక్కడివారు అడిగారు, ప్రశ్న న్యాయమైనదే. తీర్మానం తెలుగులో ఉన్నందున దానికి ఒడియాలోనో ఇంగ్లీషులోనో అనువాదం కావాలన్నారు, తెచ్చిన అనువాదంలో తేదీ తేడా పడిందని తిప్పి పంపారు, విజయనగరం నుంచి ఉపాధ్యక్షులను కేవైసీ కోసం రెండుసార్లు రప్పించారు. రైలు ఛార్జీలు ఆయనే పెట్టుకున్నారు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు కార్యవర్గం కూర్చుని కొత్త సంతకందారులను తీర్మానించి బ్యాంకులో నమోదు చేయించాలి, పాస్‌బుక్కులో తాజా నిల్వ వేయించాలి, ఆ తరువాతే రద్దు సమావేశానికి నోటీసు పంపాలి.

నోటీసు విషయంలో మన సరిహద్దు ఊళ్ళకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. పెద్దలు తెలుగు చదువుతారు. ఒడియా మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివిన వారి పిల్లలు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు కూడబలుక్కుంటారు. అందువల్ల నోటీసు, తీర్మానం, చివరి లెక్క, ఈ మూడూ మొదటినుంచీ తెలుగులోనూ ఒడియాలోనూ పక్కపక్కనే తయారు చేయించడం మంచిది. రెండు పాఠాల్లోనూ తేదీలు, మొత్తాలు ఒకటేనా అని మూడో మనిషి చేత సరిచూపించాలి. మినిట్స్ పుస్తకంలో హాజరైనవారి సంతకాలు, ప్రాక్సీ పత్రాల సంఖ్య, అనుకూలంగా ఎందరు, ప్రతికూలంగా ఎందరు అన్నది విడివిడిగా రాయాలి. "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టడం మన సంఘాలకు అలవాటు. ఈ ఒక్కసారికి ఆ అలవాటు పనికిరాదు.

అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసినది డబ్బు లెక్క. ఖాతాలో ఉన్న సొమ్మంతా సంఘానిదే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. నగదు పుస్తకాన్ని వెనక్కి తిప్పుతూ ఆ సొమ్మును మూడు భాగాలుగా విడదీయాలి. బస్సు యజమానికి, జెరాక్సు దుకాణానికి, వంటవారికి ఇవ్వవలసిన బాకీలు ఒకటో భాగం. జరగని యాత్రల కోసం సభ్యులు కట్టిన అడ్వాన్సులు రెండో భాగం. చందాల ద్వారా చేరి ఖర్చు కాకుండా మిగిలినది మూడో భాగం. మొదటిది చెల్లించాలి, రెండోది కట్టినవారికి తిరిగి ఇవ్వాలి, మూడోదాన్ని మాత్రం సభ్యులు పంచుకోకూడదు. నమోదైన సంఘంలో అప్పులు తీరాక మిగిలిన సొమ్మునూ ఆస్తినీ మరో సంఘానికి ఇవ్వాలని 14వ సెక్షన్ శాసిస్తున్నది. ఏ సంఘానికన్నది రద్దు సమయంలో స్వయంగా గాని ప్రాక్సీ ద్వారా గాని హాజరైనవారిలో ఐదింట మూడు వంతులు తేల్చాలి. ఇక్కడ లెక్క మొత్తం సభ్యుల మీద కాక హాజరైనవారి మీద అన్నది గమనించాలి. పై ఉదాహరణలో ప్రాక్సీలతో కలిపి 48 మంది హాజరైతే, రద్దుకు 45 ఓట్లు కావాలి, సొమ్ము ఎవరికివ్వాలన్నదానికి 29 చాలు. మిగులుతో ఆఖరిసారి అందరమూ విందు చేసుకుందామని మావాళ్ళు కొందరు ముచ్చటపడ్డారు. ఆ విందు ఎవరి జేబు డబ్బుతో వారు చేసుకున్నారు. నమోదు కాని సంఘానికి ఈ చట్టం వర్తించదు, అయినా ఈ మూడు భాగాల విభజన అక్కడ కూడా తగవులను నివారిస్తుంది.

రెండో భాగం తేలడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది. 2020 ఏప్రిల్లో హైదరాబాదు వెళ్ళాలని అడ్వాన్సులు వసూలు చేశాము. మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చి యాత్ర ఆగిపోయింది. టికెట్ల సొమ్ము వెనక్కి వచ్చింది గాని, "వచ్చే ఏడాదికి సర్దుదాం" అన్న మాట మీద అది ఖాతాలోనే ఉండిపోయింది. కోశాధికారిగారి పుస్తకంలో ఆ పుట మీద పేరు, ఎదురుగా అంకె, కొన్నిచోట్ల మాత్రం "ఇద్దరు పిల్లలు, ఒకరికి సగం" వంటి మాటలు పెన్సిలుతో రాసి ఉన్నాయి. రసీదు ఉన్నవారికి రసీదు చూసి, లేనివారికి ఆ పెన్సిలు రాతను నమ్మి ఇచ్చాము. బడాబజారులో ఉండే ఒక మామ్మగారికి ఐదు వందలు తీసుకువెళ్తే, "ఎప్పుడో మరిచిపోయాను బాబూ, అది మీ సంఘానికే ఉంచండి" అన్నారు. అటువంటి మాటను నోటితో విని వదలకూడదు. డబ్బు చేతికిచ్చి సంతకం తీసుకుని, ఆమె మళ్ళీ ఇస్తే విరాళంగా వేరే రసీదు రాయాలి. ఆమె మనవడు నవ్వాడు గాని, ఆ రెండు కాగితాల వల్లనే మా చివరి లెక్క ఒక్క ప్రశ్న లేకుండా నెగ్గింది.

ఇక సామాను. మా దగ్గర ఉన్నది ఒక ఇనుప ట్రంకు: ఈల, పచ్చ జెండా, మందుల డబ్బా, ప్రవేశ టికెట్లు, మణికట్టుకు కట్టిన కాగితపు పట్టీలు, నాలుగు ఆల్బములు. పార్కు ద్వారం దగ్గర చేతికిచ్చే రసీదులు చాలావరకు వేడితో ముద్రించే థర్మల్ కాగితం మీద ఉంటాయి. అవి ఎండకూ ప్లాస్టిక్ కవర్లకూ వెలిసి తెల్లబోతాయి కాబట్టి, మొట్టమొదట ఫోటో తీయవలసినవి అవే. తరువాత ఆల్బములు. గోపాలపురం సముద్రపు గాలి తగిలే మా ఊళ్ళో పాత ఫోటోలు ప్లాస్టిక్ పొరకు అంటుకుపోతాయి. గోటితో లాగితే ముఖాల మీది రంగే ఊడి వస్తుంది. సన్నని నైలాను దారాన్ని ఫోటో అడుగున ఒక మూలనుంచి నెమ్మదిగా అటూ ఇటూ లాగుతూ విడదీయాలి, అప్పటికీ రాకపోతే పొరతో సహా స్కాన్ చేసి వదిలేయాలి. స్కాను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయిస్తే, వెనక వరుసలో నిలబడ్డ పిల్లవాణ్ణి కూడా తరువాత పెద్దది చేసి చూసుకోవచ్చు. అసలు ఫోటోలను ఎవరి కుటుంబానివి వారికి ఇచ్చివేశాము. గుంపు ఫోటోలు ఎవరికి దక్కాలన్నది చీటీ వేసి తేల్చాము. పిల్లల ఫోటోలను తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పంచకూడదు; ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవారైతే వారినే అడగాలి. స్నానపు కొలనులో తడిసిన బట్టలతో దిగిన ఫోటో పన్నెండేళ్ళప్పుడు సరదాగా ఉంటుంది, పాతికేళ్ళప్పుడు ఉండకపోవచ్చు.

కార్యదర్శిగారి ఇంటి ద్వారబంధం సంగతి ఏ నియమావళిలోనూ లేదు. పెద్ద రైడ్లకు పిల్లల ఎత్తు కొలిచి గాని ఎక్కనివ్వరు. అంత దూరం వెళ్ళాక అక్కడ ఏడవకుండా, బయలుదేరే ముందు ఆదివారం పిల్లలందరినీ ఆ ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీసి, పక్కన పేరూ సంవత్సరమూ రాసేవారు. ఇల్లు రంగులు వేయిస్తున్నారని తెలిసి, పక్కన కొలబద్ద పెట్టి, కిందినుంచి పైకి ఆరు ఫోటోలు తీసుకున్నాము. మీ సంఘంలోనూ పట్టికకెక్కని ఆస్తి ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. సమావేశంలో పెద్దలను అడిగితే తెలుస్తుంది.

వాట్సాప్ గుంపును చివరివరకు ఉంచి, చివరి లెక్క అందులో పెట్టి, అభ్యంతరాలకు ముప్పై రోజులు గడువిచ్చి, ఆ తరువాత నిర్వాహకులు మాత్రమే రాసేలా మార్చాలి. సభ్యుల ఫోన్ నంబర్లు, ఆధార్ నకళ్ళు రైలు టికెట్ల కోసం సేకరించి ఉంటారు. వాటిని ఏ ట్రావెల్ దుకాణానికీ ఇవ్వకుండా చింపివేయాలి, తుడిచివేయాలి. మా నకళ్ళు ఒక సంచెడు తేలాయి.

రద్దు తీర్మానం, చివరి లెక్క, మిగులు అందుకున్న సంఘం ఇచ్చిన రసీదు, ఈ మూడింటి నకళ్ళు జతచేసి రిజిస్ట్రారు కార్యాలయానికి లేఖ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. మహారాష్ట్రలో చంద్రపూర్, సిరొంచ వైపు ఉన్న తెలుగువారి సంఘాలకు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కూడా వర్తించవచ్చు కాబట్టి, వారు ధర్మాదాయ కమిషనరు కార్యాలయంలో కూడా విచారించాలి. సంఘానికి పాన్ ఉంటే, ఆ ఏడాది ఆదాయపు పన్ను రిటర్ను సంగతి ఆడిటరుతో తేల్చుకుని, బ్యాంకు ఖాతా మూసిన తరువాతే పాన్ అప్పగించాలి. ముందే అప్పగిస్తే ఖాతా దగ్గర మళ్ళీ చిక్కు. లెక్కల పుస్తకాలను ఎనిమిదేళ్ళు దాచడానికి ఒక మనిషినీ, ఆ మనిషికి ఏమైనా అయితే చూసుకోవడానికి ఇంకొకరినీ తీర్మానంలోనే పేర్లతో రాయాలి.

సంఘం పేరున తీసుకున్న సిమ్ కార్డును అన్నిటికంటే ఆఖరున వదలాలి. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తరువాత వేరేవారికి కేటాయించవచ్చు. అప్పటికి ఆ నంబరు బ్యాంకుకో, టికెట్ల ఖాతాకో, వాట్సాప్‌కో ముడిపడి ఉంటే మన రహస్య సంకేతాలు (ఓటీపీలు) ఎవరికో చేరతాయి. మేము ఒక్కొక్కచోట నంబరు తీయించి, సంవత్సరంపాటు చిన్న రీఛార్జీతో దాన్ని బతికించి ఉంచాము. ఆ ఏడాదిలో ఆ నంబరుకు ఏడు ఫోన్లు వచ్చాయి. ఆరు లెక్కల గురించి, ఒకటి రాయగడ నుంచి, ఈసారి దసరా సెలవులకు ఎక్కడికి తీసుకువెళ్తున్నారని.