సర్కారు మన ఫోన్ లోకి చూసే దారులు, ఏది ముందు మూసుకోవాలి

పోయినేడాది మా తమ్ముడు నైట్ డ్యూటీ అయిపోయి బండి మీద ఇంటికొస్తుంటే చెకింగ్ లో ఆపారు. లైసెన్స్ చూపించాడు, ఆర్సీ చూపించాడు, తర్వాత ఫోన్ తియ్యమన్నారు. వాడు భయపడి వేలు పెట్టి ఓపెన్ చేసి చేతికిచ్చేశాడు. ఆయన వాట్సాప్ తెరిచి పైన సెర్చ్ లో ఏదో టైప్ చేసి, వేలితో కిందికీ పైకీ జరుపుకుంటూ రెండు మూడు నిమిషాలు చూసి తిరిగిచ్చేశాడు. ఏమీ దొరకలేదు, దొరకడానికి ఏమీ లేదు కూడా. కానీ అదే ఫోన్లో మా అమ్మ స్కానింగ్ రిపోర్టులున్నాయి, వాడి పెళ్లి సంబంధం మాటలున్నాయి, మా చెల్లి ఏడుస్తూ పంపిన వాయిస్ మెసేజులున్నాయి. వాడు ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నాడు.

ఇది ఒక్క మా ఇంటి కథే అనుకోకండి. 2021 అక్టోబర్ లో హైదరాబాద్ లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ళని ఆపి ఫోన్లు తీసుకుని చాట్స్ లో గంజాయి అనే మాట కోసం వెతకడం వీడియోల్లో దేశమంతా చూసింది. ఎవర్నీ బలవంతం చెయ్యట్లేదు, జనమే సహకరిస్తున్నారు అని అప్పుడు చెప్పారు. రాత్రి పదకొండింటికి నలుగురు యూనిఫాం వాళ్ళ మధ్య నిలబడినోడు సహకరించక ఏం చేస్తాడు చెప్పండి.

నిఘా అనగానే అందరూ పెగాసస్ (మనకి తెలీకుండా ఫోన్లోకి దూరే స్పైవేర్) గురించి అడుగుతారు, దాని సంగతి చివర్లో చెప్తా. మామూలు మనిషి మీద అంత ఖరీదైన సామాను వాడరు, వాడాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మనం తలుపులన్నీ బార్లా తెరిచి పెట్టుకుంటాం కాబట్టి. అందుకే నేను ఇంట్లో వాళ్ళకి ఏ వరసలో చేసిపెట్టానో అదే వరసలో ఇక్కడ రాస్తున్నా.

మొదటిది, చేతిలో ఉన్న ఫోన్

నాలుగంకెల పిన్ తీసేసి కనీసం ఆరంకెలు పెట్టండి, పుట్టినరోజు, బండి నంబర్ అస్సలొద్దు. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనపడకుండా నోటిఫికేషన్ సెట్టింగ్స్ లో ఆఫ్ చెయ్యండి. వేలిముద్ర రోజువారీ వాడకానికి బాగానే ఉంటుంది, కానీ చెయ్యి పట్టుకుని వేలు ఆనిస్తే ఫోన్ తెరుచుకుంటుంది, మనసులో ఉన్న పిన్ ని అలా లాక్కోలేరు. దీనికో ఉపాయం ఉంది, చాలామందికి తెలీదు. ఆండ్రాయిడ్ లో పవర్ బటన్ పట్టుకుంటే వచ్చే మెనూలో లాక్‌డౌన్ అని ఉంటుంది (సామ్‌సంగ్ లో అయితే లాక్ స్క్రీన్ సెట్టింగ్స్ లోకెళ్ళి ముందుగా ఆ ఆప్షన్ కనపడేలా ఆన్ చేసుకోవాలి), అది నొక్కితే ఇంక పిన్ కొట్టేదాకా వేలూ మొహమూ పని చెయ్యవు. ఐఫోన్ లో పక్క బటనూ, వాల్యూమ్ బటనూ కలిపి పట్టుకుంటే స్లైడర్ వస్తుంది, అది వచ్చిందంటే ఫేస్ ఐడీ ఆగిపోయినట్టే. టైముంటే ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చెయ్యడం ఇంకా మంచిది, ఎందుకంటే ఆన్ చేశాక మొదటిసారి పిన్ కొట్టేదాకా లోపలి డేటా చాలావరకు తాళం వేసే ఉంటుంది. ఇది మా తమ్ముడితో పదిసార్లు ప్రాక్టీస్ చేయించా, జేబులో చెయ్యి పెట్టి చూడకుండా చేసేదాకా.

మరి ఆపినప్పుడు ఏం మాట్లాడాలి? గొడవ పడొద్దు, ఫోన్ లాగేసుకోవద్దు, అబద్ధం చెప్పొద్దు. "సార్ ఏ కేసు గురించి సార్, నోటీస్ ఇస్తారా" అని మెల్లగా అడగండి. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (సోదా, అరెస్టు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) పోయి దాని బదులు బీఎన్ఎస్ఎస్ వచ్చింది, దాంట్లో 94వ సెక్షన్ కింద ఏదైనా పరికరమో సమాచారమో కావాలంటే రాతపూర్వకంగా అడగాలి. సోదా చేసి స్వాధీనం చేసుకుంటే 105వ సెక్షన్ ప్రకారం దాన్ని వీడియో తియ్యాలి, తీసుకున్న వస్తువుల లిస్టు రాయాలి. ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి, ఫోన్ ఐఎంఈఐ నంబర్ అందులో ఉందో లేదో చూసుకోండి (ఒక్కో ఫోన్ కి విడిగా ఉండే గుర్తింపు నంబర్ అది, స్టార్ హాష్ 06 హాష్ కొడితే వస్తుంది, ఇవ్వాళే కొట్టి ఎక్కడైనా రాసిపెట్టుకోండి). ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, నోటీస్ వచ్చాక, కేసు ఉందని తెలిశాక ఏదీ డిలీట్ చెయ్యొద్దు, అది సాక్ష్యం చెరపడం అవుతుంది, దానికి వేరే కేసు పడుతుంది. అలాంటప్పుడు లాయర్ ని పిలవడం తప్ప వేరే దారి లేదు.

రెండోది బ్యాకప్, ఇక్కడే అందరూ దొరికిపోయేది

వాట్సాప్ ఎన్‌క్రిప్టెడ్ కదా అని నిశ్చింతగా ఉంటారు. దారిలో ఎవరూ చదవలేరు, అది నిజమే. కానీ రోజూ రాత్రి అదే చాట్ అంతా గూగుల్ డ్రైవ్ లోకో ఐక్లౌడ్ లోకో కాపీ వెళ్ళి కూర్చుంటుంది, మీరు ప్రత్యేకంగా సెట్ చేసుకోకపోతే ఆ కాపీకి మీ తాళం ఉండదు. ఇంటి ముందు తలుపుకి గొళ్ళెం పెట్టి పెరటి తలుపు తీసి పడుకున్నట్టు అన్నమాట. 2021 చివర్లో వాట్సాప్ దీనికి కూడా తాళం ఇచ్చింది, కానీ మనంతట మనం ఆన్ చెయ్యాలి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్, అందులో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది, లేదంటే 64 అక్షరాల కీ ఇస్తుంది, కొత్త వెర్షన్లలో పాస్‌కీ (వేలిముద్రతోనో ఫోన్ లాక్ తోనో తెరుచుకునేది) కూడా ఉంది.

మా అమ్మ ఫోన్లో పాస్‌వర్డే పెట్టా. ఆవిడకి గుర్తుండేలా మా పాత ఇంట్లో ఉన్న నాలుగు వస్తువుల పేర్లు వరసగా, ఇంగ్లీష్ అక్షరాల్లో, రోలు దగ్గర మొదలుపెట్టి. ఎందుకైనా మంచిదని గ్యాస్ బుక్కు వెనక పేజీలో ఆవిడ చేత్తోనే రాయించా, ఇది దేనికో పక్కన రాయకుండా. ఎందుకంటే ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే వాట్సాప్ వాళ్ళు కూడా తిరిగివ్వలేరు, మా నాన్న పంపిన ఆఖరి ఫోటోలు ఆ బ్యాకప్ లోనే ఉన్నాయి. ఐఫోన్ వాళ్ళు ఐక్లౌడ్ సెట్టింగ్స్ లో అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ కూడా ఆన్ చేసుకోండి, ఐక్లౌడ్ లో ఉన్న చాలావాటికి మీ తాళమే పడుతుంది.

ఇంకోటి, మీరొక్కరే తాళం వేసుకుంటే సరిపోదు, అవతలి వాళ్ళ బ్యాకప్ తెరిచుంటే మీ మాటలు అక్కడుంటాయి. అందుకే ఇంటి గ్రూపుల్లో డిసప్పియరింగ్ మెసేజెస్ 90 రోజులకి పెట్టా. 200 మంది ఉన్న కాలనీ గ్రూపులో ఎవడో ఒకడు స్క్రీన్‌షాట్ తీస్తాడు, అక్కడ ఏ ఎన్‌క్రిప్షనూ మిమ్మల్ని కాపాడదు, అక్కడ రాసేది నోటీస్ బోర్డు మీద రాసినట్టే అనుకుని రాయండి.

మాటలు తెలియకపోయినా ఎవరితో మాట్లాడామో తెలుస్తుంది

ఫోన్ ట్యాపింగ్ కి చట్టంలో కొన్ని కట్టుబాట్లున్నాయి. 1996లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్నిబట్టి వచ్చినవి అవి. మామూలుగా అయితే కేంద్ర హోం సెక్రటరీయో రాష్ట్ర హోం సెక్రటరీయో ఆర్డర్ ఇవ్వాలి, ఒక ఆర్డర్ 60 రోజులే, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. ఇందులో జడ్జి ఎక్కడా లేడు చూడండి, ఆర్డరిచ్చేది అధికారి, రివ్యూ చేసేదీ అధికారులే. కాగితం మీద ఇంత ఉన్నా, 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీస్ స్టేషన్ లో తెలంగాణ పోలీసు నిఘా విభాగం అధికారి మీద పెట్టిన కేసు సంగతి తెలుసు కదా, ప్రభుత్వం మారిన రోజుల్లో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనే ఆరోపణ దగ్గర మొదలై రాజకీయ నాయకుల ఫోన్లు, జర్నలిస్టుల ఫోన్లు విన్నారనేదాకా వెళ్ళింది. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది, మనకి అర్థం కావాల్సింది ఏంటంటే మామూలు కాల్ వినడానికి వీలున్నదే.

కాల్ డేటా సంగతి ఇంకా తేలిక. మీరు ఎవరికి చేశారు, ఎన్ని నిమిషాలు, ఏ టవర్ కింద ఉన్నారు, ఇదంతా కంపెనీలు కనీసం రెండేళ్ళు దాచాలని 2021 డిసెంబర్ లో లైసెన్స్ రూల్ మార్చారు, ఇంటర్నెట్ వాడకం రికార్డులు కూడా అంతే. దీన్ని అడగడానికి హోం సెక్రటరీ సంతకం అక్కర్లేదు. అందుకని నిజంగా సొంత విషయం, ఆరోగ్యం, లాయర్ తో మాట, కోర్టు గొడవ, అలాంటివి మామూలు కాల్ లోనూ ఎస్ఎంఎస్ లోనూ వద్దు. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వేసుకోండి. 2016లో అమెరికాలో కోర్టు ద్వారా ఒకరి వివరాలు అడిగితే సిగ్నల్ వాళ్ళు ఇవ్వగలిగింది రెండే రెండు: అకౌంట్ ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. అంతకుమించి వాళ్ళ దగ్గర లేదు. వాట్సాప్ దగ్గర మాటలుండవు కానీ మీ నంబర్, ఏ గ్రూపుల్లో ఉన్నారు, ఏ ఐపీ (ఇంటర్నెట్ అడ్రస్) నుంచి వచ్చారు లాంటివి ఉంటాయి. ఫోన్ చేతిలో ఉన్నంతసేపు టవర్ కి మాత్రం తెలుస్తూనే ఉంటుంది, దానికి ఏ యాప్ కూడా మందు కాదు, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళడమే.

గూగుల్ మ్యాప్స్ లో మీ ప్రొఫైల్ నొక్కి టైమ్‌లైన్ చూడండి ఒకసారి, అది ఆన్ లో ఉంటే ఏ రోజు ఏ గుడికి ఏ హాస్పిటల్ కి వెళ్ళారో కనపడుతుంది. ఆటో డిలీట్ మూడు నెలలకి పెట్టండి, లేదా ఆఫే చేసెయ్యండి.

వీపీఎన్ గురించి రెండు మాటలే. అది మీరు చూసే సైట్లని జియో దగ్గరో ఎయిర్‌టెల్ దగ్గరో దాస్తుంది, కానీ అదే వీపీఎన్ కంపెనీకి చూపిస్తుంది. 2022 ఏప్రిల్ లో సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) వాళ్ళు వీపీఎన్ కంపెనీలు కస్టమర్ల పేరు, అడ్రస్, ఐపీ ఐదేళ్ళు దాచాలని ఆర్డర్ ఇస్తే, ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్ వాళ్ళు ఇండియాలో సర్వర్లు తీసేశారు. ఫ్రీ వీపీఎన్ అసలు వెయ్యొద్దు, అది నడవడానికి డబ్బు ఎక్కడ్నుంచో రావాలి కదా, అది చాలాసార్లు మీ డేటాలోంచే వస్తుంది.

ఆధార్, మొహం

ఆధార్ అధికారిక యాప్ లో బయోమెట్రిక్ లాక్ (మీ వేలిముద్ర, కంటిపాపతో ఎవరూ ఆధార్ వాడకుండా) చేసి పెట్టండి, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. లాడ్జిలో జిరాక్స్ అడిగితే చివరి నాలుగంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఎయిర్‌పోర్ట్ లో డిజి యాత్ర తప్పనిసరి కాదు, మొహం స్కాన్ చేయించుకోకుండా ఐడీ చూపించి పక్క లైన్లో వెళ్ళొచ్చు, నేను ప్రతిసారీ అలాగే వెళ్తా, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే. హైదరాబాద్ లో 2021 మే లాక్‌డౌన్ లో పోలీసులు ఒకాయన్ని ఆపి మాస్క్ తియ్యమన్నారు, తియ్యనన్నా ఫోటో తీశారు, ఆయన ఊరుకోకుండా ఫేషియల్ రికగ్నిషన్ (మొహం చూసి మనిషిని గుర్తుపట్టే టెక్నాలజీ) మీద హైకోర్టుకి వెళ్ళాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. అడిగితే కొన్నిసార్లు పని జరుగుతుంది కూడా. 2025 నవంబర్ ఆఖర్లో ప్రతి కొత్త ఫోన్లో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్ వేసే అమ్మాలని కంపెనీలకి ఆర్డర్ వెళ్తే, బయటికొచ్చాక దేశమంతా గోల చేస్తే డిసెంబర్ 3న వెనక్కి తీసుకున్నారు. 2017లో తొమ్మిది మంది జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పిన తీర్పు మన చేతిలో ఉంది. 2023లో డేటా చట్టం వచ్చింది కదా అంటారు, దాంట్లో 17వ సెక్షన్ చదవండి, ప్రభుత్వం తనకి కావాల్సిన శాఖల్ని నోటిఫై చేసి మొత్తం చట్టం నుంచే తప్పించుకోవచ్చు. నాకు దాని మీద చాలా కోపం ఉంది.

అమెరికా వెళ్ళే పిల్లలకి

మన ఇళ్ళల్లో ఇది వేరే తలనొప్పి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్ లో పెట్టాలి, డిసెంబర్ 15 నుంచి హెచ్1బీ, హెచ్4 వాళ్ళకీ అంతే. డీఎస్ 160 అనే వీసా ఫారంలో గత ఐదేళ్ళలో వాడిన యూజర్ నేమ్ లన్నీ రాయాలి. ఒక్కటి దాచినా అబద్ధం కింద లెక్క, అది జీవితాంతం వెంటాడుతుంది, కాబట్టి పాత అకౌంట్ అయినా సరే రాసెయ్యండి. చెయ్యగలిగింది ఏంటంటే అప్లై చెయ్యడానికి చాలా ముందే, ఏ తొందరా లేనప్పుడు, అకౌంట్లలో ఉన్న చుట్టాల పిల్లల ఫోటోలు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రస్ లాంటివి తీసేసుకోవడం. దిగేటప్పుడు ఎయిర్‌పోర్ట్ లో ఫోన్ అడగొచ్చు, అక్కడ వారెంట్ లేకుండా చూసే అధికారం వాళ్ళకుంది, సిటిజన్ కాని వాళ్ళు కాదంటే వెనక్కి పంపెయ్యొచ్చు. వాళ్ళ నియమం ప్రకారం ఫోన్లో ఉన్నదే చూడాలి, నెట్ ఆపి చూడాలి, క్లౌడ్ లోది లాగకూడదు. కాబట్టి ఫ్లైట్ మోడ్ వేసే ఇవ్వండి, అవసరం లేని ఫోటోలు ఇంట్లో హార్డ్ డిస్కులో వదిలి వెళ్ళండి.

ఇక పెగాసస్. 2021లో సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసి, 5 ఫోన్లలో ఏదో మాల్వేర్ ఉందంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది, కేంద్రం సహకరించలేదని కూడా చెప్పింది. మీరు జర్నలిస్టో, లాయరో, ఉద్యమాల్లో ఉన్నవాళ్ళో అయితే ఐఫోన్ లో లాక్‌డౌన్ మోడ్ ఆన్ చెయ్యండి (ఆండ్రాయిడ్ లాక్‌డౌన్ వేరు, ఇది వేరు), అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోండి, రోజూ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి. మిగతావాళ్ళు ఫోన్ పిన్ మార్చుకోగానే బ్యాకప్ తాళం వెయ్యండి, ఐదు నిమిషాల పని, అమ్మా నాన్నల ఫోన్లో కూడా పక్కన కూర్చుని మీరే చెయ్యండి, పాస్‌వర్డ్ మాత్రం వాళ్ళ చేతే రాయించండి.