సీటు పెంచాక తగ్గిన మోకాలి నొప్పి

ఉద్యోగ విరమణ తరువాత పర్లాకిమిడిలో స్థిరపడి, ఉదయాన్నే పాతపట్నం దారిలో తాపీగా సైకిల్ తొక్కడం మొదలుపెట్టిన పది రోజులకే మోకాలిచిప్ప ముందు భాగం నొప్పి పెట్టసాగింది. వయసు మీద పడిందనుకుని నడకతో సరిపెట్టుకున్నాను. నడకలో నొప్పి లేకపోవడంతో అనుమానం సైకిలు మీదికి మళ్లింది. కాళ్లు నేలకు పూర్తిగా ఆనవేమోనన్న భయంతో (ఈ వయసులో పడితే ఇంట్లో వాళ్లు సైకిలును అటక ఎక్కిస్తారు మరి) సీటును బాగా దించుకోవడమే పొరపాటు. సీటు తక్కువైతే మోకాలు అతిగా ముడుచుకుని చిప్ప మీద ఒత్తిడి పెరుగుతుంది. గోడను పట్టుకుని కూర్చుని, మడమను పెడలుపై ఉంచి, పెడలు కిందికి చేరినప్పుడు కాలు నిటారుగా చాచుకునేంత వరకు సీటును కొద్దికొద్దిగా పెంచాను; ఆపై పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలిలో స్వల్పమైన వంపు మిగులుతుంది. ఆగేటప్పుడు సీటు దిగి నిలబడడం అలవాటు కావడానికే వారం పట్టింది. ఇప్పుడు మహేంద్రతనయ నది ఒడ్డు దాకా తొక్కి, అక్కడ అరగంట నడిచి వస్తున్నాను.