కల్పిత లోకంలో తొలి సేద్య నాగరికతను కట్టడం ఎలా: ముందు గింజ, తర్వాతే రాజు

ఫాంటసీ నవల రాసేవాళ్లు, గేముకు లోకం కట్టేవాళ్లు చాలామంది మొదట మ్యాపు గీస్తారు, రాజధానికి చుక్క పెడతారు, రాజవంశానికి పేరు వెతుకుతారు. ఆ ఊరికి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో చివర్లో ఎప్పుడో గుర్తొస్తుంది. ఈ వరస తిరగెయ్యండి. ఏ పంట, ఎప్పుడు చేతికొస్తుంది, ఎక్కడ దాస్తారు అన్న మూడూ తేల్చుకుంటే రాజు ఎలాంటివాడో, అసలు రాజంటూ ఉంటాడో లేదో దానంతటదే తేలుతుంది.

పంట ఎంచుకోవడం

ఒక్క పంట సరిపోదు, జత కావాలి. పశ్చిమాసియాలో పాతరకం గోధుమలు, బార్లీ ఒకవైపు. చిరుసెనగ (మసూరు పప్పు), బఠానీ, శనగ ఇంకోవైపు. ఉత్తర చైనాలో కొర్రలు, వరిగలు. మెక్సికోలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. మన దక్కనులో కొత్తరాతి యుగపు రైతులు అండు కొర్రలు, పెసలు, ఉలవలు పండించారు. ధాన్యంలో కొరతగా ఉండే మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూడుస్తుంది, పైగా దాని వేళ్లు నేలకు నత్రజని ఇస్తాయి. మీ లోకంలో మొక్కల పేర్లు ఎంత వింతగా పెట్టుకున్నా ఈ జత మాత్రం వదలొద్దు.

దుంపలు ప్రధాన తిండిగా పెడితే కథ వేరే దారి పడుతుంది. పాపువా న్యూగినీలోని కుక్ చిత్తడి నేలల్లో వేల ఏళ్ల కిందటే కాలవలు తవ్వి చేమ, అరటి సాగు చేశారు, కానీ అక్కడ రాజ్యాలు పుట్టలేదు. చేమదుంప నేలలోనే ఉంటుంది, కావలసినప్పుడు తవ్వుకుంటారు, తవ్వాక ఎక్కువ రోజులు ఆగదు. శిస్తు వసూలు చేసేవాడికి అది కంటికి కనబడదు, కొలతకు లొంగదు. ధాన్యమైతే చేను మొత్తం ఒకేసారి పండుతుంది, కళ్లంలో కుప్పపడుతుంది, కుంచంతో కొలవొచ్చు, ఏళ్ల తరబడి దాచొచ్చు. గట్టి రాజు కావాలంటే ధాన్యం పెట్టండి. పెద్దమనుషుల పంచాయితీతో నడిచే ఊళ్లు కావాలంటే దుంపలు పెట్టండి.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటి: ఒక ముసలి జ్ఞాని విత్తనం నాటి చూపిస్తాడు, మరుసటి తరానికి పొలాలు, కోటలు లేచి నిలబడతాయి. అడవి గోధుమ పండగానే కంకి వెన్ను విరిగి గింజలు రాలిపోతాయి. రాలకుండా వెన్నునే అంటుకుని ఉండే రకం మనిషి కోతల వల్ల మెల్లగా పెరిగింది. పశ్చిమాసియాలో ఈ మార్పు పూర్తవడానికి రెండు మూడు వేల ఏళ్లు పట్టిందని తవ్వకాల్లో దొరికిన గింజలు చెబుతున్నాయి. ఈలోగా జనం ఆకలితో లేరు. 1960లలో జాక్ హార్లన్ అనే వృక్షశాస్త్రవేత్త తుర్కియేలో చెకుముకి రాతి కొడవలితో అడవి గోధుమ కోసి చూస్తే గంటకు దాదాపు రెండున్నర కిలోలు వచ్చింది, పొట్టు పోగా అందులో సగానికి కాస్త తక్కువ గింజ. మూడు వారాలు కష్టపడితే ఒక కుటుంబం ఏడాదికి మించిన తిండి కూడబెట్టుకోగలదని ఆయన లెక్క కట్టాడు. కాబట్టి సేద్యం రాకముందే స్థిరమైన ఊళ్లు ఉండొచ్చు. పెద్ద కట్టడాలూ ఉండొచ్చు: తుర్కియేలోని గోబెక్లి తెపెలో చెక్కిన రాతి స్తంభాలు క్రీ.పూ. 9500 ప్రాంతం నాటివి, అప్పటి జనం అడవి గింజల మీద, వేట మీద బతికినవాళ్లు.

ఎకరాల లెక్క

ఇది కాగితం మీద వేసుకోవాల్సిందే. కింది అంకెలు తొలినాటి సేద్యానికి సరిపడా నేను పెట్టుకునేవి. మీ నేలను బట్టి మార్చుకోండి.

గింజే ప్రధాన తిండి అయితే మనిషికి ఏడాదికి సుమారు 200 కిలోలు కావాలి. ఐదుగురి కుటుంబానికి 1000 కిలోలు. ఎకరానికి దిగుబడి 240 కిలోలు అనుకోండి. అందులో 40 కిలోలు వచ్చే ఏటి విత్తనం, 35 కిలోలు ఎలుకలకూ పురుగులకూ. మిగిలేది 165. అంటే తిండికే ఆరెకరాలు. పదో వంతు శిస్తు పెడితే ఎకరానికి 24 కిలోలు పోయి 141 మిగులుతుంది, పొలం ఏడెకరాలు దాటుతుంది, ఒక్కో కుటుంబం నుంచి గాదెకు చేరేది 170 కిలోలు.

ఇప్పుడు వెయ్యి మంది పూజారులు, కమ్మర్లు, సైనికులు ఉన్న పట్నం తీసుకోండి. వాళ్లకు 200 టన్నులు కావాలి, అంటే దాదాపు 1180 రైతు కుటుంబాలు, అటూఇటుగా ఆరు వేల మంది. ఏడాది విడిచి ఏడాది నేలను బీడుపెడితే పొలం రెట్టింపై 68 చదరపు కిలోమీటర్లు అవుతుంది. అడవీ, రాళ్లూ, పచ్చికబయళ్లూ కలిపి నేలలో సగం సాగుకు రాదనుకుంటే పట్నం చుట్టూ ఆరున్నర కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది. మ్యాపులో ఈ గుండ్రం గీశాకే రెండో పట్నానికి చోటు వెతకండి.

కరువు రాసేటప్పుడు విత్తనం సంగతి మరవద్దు. దిగుబడి మూడో వంతు తగ్గి 160కి పడిందనుకోండి. విత్తనం మాత్రం అదే 40. శిస్తు, నష్టం కూడా దామాషాలో తగ్గాయనుకున్నా కుటుంబానికి మిగిలేది 575 కిలోలే. పంట మూడో వంతు పోతే తిండి సగానికి దగ్గరగా పోయినట్టు. విత్తనపు గింజలు వండుకోవాలా వద్దా అని ఆ ఇంట్లో జరిగే గొడవ ఏ యుద్ధ సన్నివేశానికీ తీసిపోదు.

ఎద్దు, నాగలి లేని కాలం రాస్తుంటే ఈ ఏడెకరాలు కుదరవు. పారతోనో తవ్వుకోలతోనో తవ్వే కుటుంబం అందులో సగం చెయ్యడమే గగనం. అలాంటప్పుడు పాలు, మాంసం, పప్పులు, అడవి పళ్లు కలపండి, పట్నాన్ని కుదించండి.

దూరం సంగతీ ఇంతే. 30 కిలోలు మోసే కూలి రోజుకు ఒక కిలో తింటాడు. పది రోజుల దూరం వెళ్లి రావాలంటే ఇరవై కిలోలు అతని కడుపులోకే, చేరేది పది. పదిహేను రోజుల దూరానికి ఏమీ చేరదు. అందుకే తొలి పట్నాలు పడవ నడిచే నీటిని అంటిపెట్టుకున్నాయి.

వరద ఏ నెలలో వస్తుంది?

నది ఉందని రాస్తే చాలదు. ఈజిప్టులో నైలు పూర్వం ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో పొంగి, ఆ తర్వాత తీసిపోయేది. తడిసిన ఒండ్రులో విత్తనం చల్లితే వసంతంలో కోతలు. వరద, విత్తు ఒకదానికొకటి అమరిపోయాయి. చేనుల చుట్టూ గట్లు కట్టి నీళ్లు నిలబెడితే పెద్ద పని అయిపోయినట్టే. ఇరాక్‌లోని యూఫ్రటీస్, టైగ్రిస్ అలా కాదు. అవి మంచు కరిగి ఏప్రిల్, మే నెలల్లో పొంగేవి, సరిగ్గా పంట కోతకొచ్చే వేళ. విత్తే శరత్కాలంలో నదిలో నీళ్లు తక్కువ. కాబట్టి గట్లు వరదను ఆపాలి, కాలవలు విత్తుకు నీళ్లు తేవాలి, ఏటా పూడిక తియ్యాలి. ఎగువ ఊరు తూము మూసేస్తే దిగువ ఊరు ఎండుతుంది. మీ కథలో తగాదాలు కావాలంటే రెండో రకం నదిని ఎంచుకోండి.

ఎండ మండే మైదానంలో కాలవ నీళ్లు పెట్టే కొద్దీ భూగర్భజలం పైకొస్తుంది, నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, నేల చౌడుబారుతుంది. గోధుమ ముందు ఓడిపోతుంది, బార్లీ ఇంకొన్నాళ్లు తట్టుకుంటుంది. దక్షిణ ఇరాక్‌లో గోధుమ తగ్గి బార్లీ మిగలడానికి కారణం ఇదేనని జాకబ్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు 1958లో రాశారు. అంత తీవ్రంగా జరిగిందా అని తర్వాతివాళ్లు ప్రశ్నించారు. బీడుపెట్టిన ఏడాది కలుపు మొక్కల లోతు వేళ్లు అడుగు తేమను లాగేసి ఉప్పును కిందే ఉంచుతాయి. శిస్తు పెంచి, బీడు మాన్పించిన రాజు తన మనవడి పొలాలను తెల్లబరుస్తాడు. ఇది ఒక తరంలో కనబడకూడదు.

పాతర

మన పల్లెల్లో జొన్నలు దాచిన పాతర ఎలా పనిచేస్తుందో తెలిస్తే రాజకీయం సగం రాసినట్టే. పొడి నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, బాగా ఎండిన గింజ అంచుదాకా నింపి, పైన మట్టితో గాలి చొరకుండా మూస్తారు. గోడకు తగిలే గింజలు తేమకు కొంచెం మొలకెత్తి, లోపలి ప్రాణవాయువును తినేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. దాంతో పురుగులు చస్తాయి, మిగతా గింజ నిద్రపోయినట్టు ఉండిపోతుంది. అంచున ఒక పొర పాడవుతుంది, అది తప్పదు. మూత తీస్తే గాలి చొరబడుతుంది కాబట్టి పాతరను మొత్తం ఖాళీ చెయ్యాల్సిందే. తీసిన వెంటనే మనిషిని దించితే ఊపిరాడక చస్తాడు, గాలి మారేదాకా ఆగాలి. నీటి ఊట ఉన్న చోటా, గింజ పచ్చిగా ఉన్నప్పుడూ మొత్తం కుళ్లుతుంది.

రోజూ కాస్త తీసుకోవాలంటే నేలకెత్తుగా కట్టిన గాదె కావాలి. దానికి కాపలా కావాలి, తీసినదీ పెట్టినదీ గుర్తుండాలి. పాతర ఇంటింటికీ ఉంటే అధికారం ఇళ్లలో ఉంటుంది. గాదె గుడి ఆవరణలో ఉంటే తాళం ఎవరిదో వాళ్లది.

లెక్క రాసుకోవడం అక్కడే మొదలవుతుంది. దక్షిణ ఇరాక్‌లోని పాత పట్నం ఉరుక్‌లో క్రీ.పూ. 3300 ప్రాంతపు మట్టి పలకల్లో ఎక్కువ భాగం ధాన్యం, గొర్రెలు, బీరు పద్దులే. అంతకుముందు మట్టి బిళ్లలే లెక్కలు. క్రీ.పూ. 2100 ప్రాంతంలో అక్కడే ఉన్న ఊర్ అనే నగరపు రాజ్యం మగ కూలికి నెలకు 60 సిలాల బార్లీ, ఆడ కూలికి 30 ఇచ్చేది. సిలా అంటే దాదాపు లీటరు. మీ లోకపు తొలి రాత పురాణ శ్లోకంగా ఉంటే వినడానికి బాగుంటుంది గానీ, ఎవరో అప్పు ఎగ్గొట్టిన వివరంగా ఉంటే నమ్మబుద్ధేస్తుంది.

ఇంట్లో, పెరట్లో తప్పకుండా చూసుకోవాల్సినవి

తిరగలి పెట్టకండి. గుండ్రంగా తిప్పే తిరగలి క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందు గానీ రాలేదు. తొలి రైతు ఇంట్లో పల్లంగా అరిగిన బండ ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుని చేతిరాయిని ముందుకీ వెనక్కీ నెట్టాలి. ఇంటిల్లిపాదికీ సరిపడా పిండికి రోజూ గంటల పని. సిరియాలోని అబూ హురైరాలో దొరికిన ఎముకల్లో, ముఖ్యంగా ఆడవాళ్లవాటిలో, కాలి బొటనవేలి కీళ్లు, మోకాళ్లు, నడుము అరిగిపోయి ఉన్నాయి. పిండిలో రాతి నలుసులు కలిసి పళ్లూ అరిగేవి.

కుండ ముందా పంట ముందా అన్నది మీ ఇష్టం. జపాన్‌లో వేటగాళ్లే కుండలు చేశారు, పశ్చిమాసియాలో సేద్యం వచ్చిన రెండు మూడు వేల ఏళ్లకు గానీ కుండలు రాలేదు. కుండ ఉంటే పసిబిడ్డకు జావ కాచి త్వరగా పాలు మాన్పించొచ్చు. కాన్పుల మధ్య ఎడం తగ్గి జనం పెరుగుతారు, ఇరుకు ఊళ్లలో రోగాలూ పెరుగుతాయి.

పశువులను ఊరికే అలంకారంగా వదలొద్దు, వాటి పేడ ఎక్కడికి పోతుందో చెప్పండి. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో దొడ్డిలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా బూడిద దిబ్బ లేచింది. తవ్వినప్పుడు ఆ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి.

మేక, గొర్రె ముందు. ఎద్దు నాగలి, బండి చక్రం అందుకు నాలుగైదు వేల ఏళ్ల తర్వాత. పాత ప్రపంచపు పంటలు వాడుకుంటుంటే మిరప, టమాటా, వేరుశనగ, బంగాళదుంప తీసెయ్యండి, అవన్నీ అమెరికావి. పులుసులో కారానికి మిరియం ఉంది, అది కూడా పడమటి కనుమల తడి అడవుల్లోనిది కాబట్టి మీ మెట్ట ఊరికి ఎవరో మోసుకురావాలి.