లాన్ నీళ్లు వంటింట్లోకి రాకుండా

మా ఇంట్లో తాగేనీళ్లకూ లాన్ స్ప్రింక్లర్లకూ ఒకటే మెయిన్ లైను. ప్రెషర్ పడిపోయినప్పుడల్లా వంటింటి కుళాయిలో మట్టి వాసన. గడ్డిలోని ఎరువు, పురుగుమందు కలిసిన నీళ్లను పైపు వెనక్కి పీల్చుకుంటోందని తెలిశాక టెన్షన్ పట్టుకుంది.

నీళ్లను ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ ఉందిగా అంటారు. దాంట్లో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, సరిగా మూసుకోదు. అందుకే ప్లంబర్‌తో ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్ పెట్టించాను. ప్రెషర్ పడిపోగానే అది పైపులోకి గాలి వదులుతుంది, దాంతో వెనక్కి పీల్చడం ఆగిపోతుంది. అన్నిటికన్నా ఎత్తున ఉన్న స్ప్రింక్లర్ కంటే కనీసం 12 అంగుళాల పైన బిగించాలి. గోడ పక్కన చూడ్డానికి ఏం బాగోదు, అయినా సరే.

ఎరువును పైపులోనే కలిపేవాళ్లకు మాత్రం ఇది చాలదు, నీళ్లు వెనక్కి రాకుండా ఇంకా గట్టిగా ఆపే రెడ్యూస్డ్ ప్రెషర్ రకం పరికరం కావాలి. బిగించాక ఇంట్లో కుళాయిలన్నీ కాసేపు వదిలేసి, పరికరాన్ని టెస్ట్ చేయించాం. ఈ టెస్ట్ ఏటా చేయించుకోవాలి.