టేకు దర్వాజకు ఇంటి పాలిష్: వానలకు ముందు జాగ్రత్తలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అహేరి వైపు జూన్ రెండో వారానికల్లా మబ్బు పడుతుంది. ఈ పాలిష్‌ను తేనెమైనం, అవిసె నూనెలతో ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక్కో కోటు ఆరడానికి వారం దాకా పడుతుంది, కోట్లు రెండు కావాలి. కాబట్టి మే నెల సగంలోనే పని మొదలుపెట్టండి. ఆరకముందే తేమగాలి తగిలితే పాలిష్ జిగటగా ఉండిపోతుంది. దానికి దుమ్ము అంటుకుని, ఆ దుమ్ము మీద బూజు పడుతుంది.

తేనెమైనం 50 గ్రాములు, అవిసె నూనె 200 మిల్లీలీటర్లు తీసుకోండి. మన వైపు దుకాణాల్లో జవస్ తేల్ అని అడిగితే ఇస్తారు. కొబ్బరి, పల్లి, నువ్వుల నూనెలు వద్దు. అవి ఎన్నాళ్లయినా చెక్కలో గట్టిపడవు, పైగా ముక్కవాసన వస్తాయి. పెయింట్ల దుకాణంలో బాయిల్డ్ అని అమ్మే అవిసె నూనె త్వరగా ఆరుతుంది గానీ అందులో లోహపు మందులు కలుపుతారు. దాన్ని చపాతీ పీటకు, పిల్లల ఉయ్యాలకు రాయకండి. మైనం కొనేటప్పుడు వేళ్ల మధ్య నలిపి చూడండి. తేనెమైనం మెత్తబడి సాగుతుంది, తేనె వాసన వస్తుంది. కొవ్వొత్తి మైనం జారుతూ పెళుసుగా విరుగుతుంది.

గిన్నెను నేరుగా మంట మీద పెట్టొద్దు. వెడల్పు పాత్రలో మూడు వేళ్ల లోతు నీళ్లు పోసి, అందులో స్టీలు గిన్నె పెట్టి సన్న సెగ మీద మైనం కరిగించండి. మైనం 62–64 డిగ్రీలకే కరుగుతుంది, వేడి నీళ్లు చాలు. కరిగాక నూనె పోసి కలపండి. నీటి చుక్క పడితే పాలిష్ తెల్లగా విరుగుతుంది. పొరపాటున గిన్నె అంటుకుంటే నీళ్లు చల్లకండి, మూత బోర్లించి పొయ్యి ఆపండి. టర్పెంటైన్ కలపాలనుకుంటే పొయ్యి ఆపి, గిన్నెను వాకిట్లోకి తెచ్చి, చల్లారుతున్నప్పుడు కలపండి. దాని ఆవిరి కొద్దిపాటి వేడికే అంటుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదం పాలిష్ తుడిచిన గుడ్డతోనే. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది. ఉండ చుట్టి మూలన పడేస్తే లోపలే పేరుకుంటుంది. పైకి ఏమీ కనబడదు. కాసేపటికి చేత్తో పట్టుకుంటే నడుమ వెచ్చగా తగులుతుంది, తర్వాత మాడిన నూనె వాసన వస్తుంది, ఆపై పొగ. నిప్పు రవ్వ అక్కర్లేదు. మే ఎండలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. పని అయిన వెంటనే గుడ్డలను ఆరుబయట తీగ మీద ఒక్క పొరగా ఆరేయండి, అట్టలా బిగుసుకున్నాక పారేయండి. లేదా నీళ్ల బకెట్‌లో ముంచి మూత పెట్టండి. గడ్డివాము దగ్గర, పత్తి దాచిన గదిలో, చెత్తకుప్పలో మాత్రం వేయకండి.

చెక్క మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. ఇంకకుండా ముత్యంలా నిలిస్తే పాత వార్నిష్ ఉన్నట్టే. అది పోయేలా 180 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 240 నంబరుతో చెక్క గీతల వెంట రుద్ది, దుమ్ము తుడిచాకే రాయండి. ఎండ పడే వేళ కాకుండా పొద్దున్నే నీడలో పట్టించాలి. వేడెక్కిన చెక్క మీద పైపొర ముందే కట్టి లోపల పచ్చిగా మిగులుతుంది. పలచగా పట్టించి, 20 నిమిషాలకు మిగిలిందంతా పొడి గుడ్డతో తుడిచేయండి. ఎక్కువ రాస్తే మెరుపు వస్తుందనుకుంటారు, వచ్చేది జిగురే. అలా అయితే టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి మళ్లీ పలచగా రాయండి. వేలి ముద్ర పడకపోతేనే రెండో కోటు. పసుపు రాసే గడపకు ఈ పాలిష్ వద్దు. తడి కాలు జారుతుంది, పసుపూ పట్టదు.

ఇది చెదలను ఆపదు. వాన జల్లు నేరుగా కొట్టే దర్వాజకు ఏటా మళ్లీ వేయాల్సిందే. తలుపు కింది అంచునూ పై అంచునూ చాలామంది వదిలేస్తారు. చెక్క నీళ్లు ఎక్కువగా తాగేది అక్కడే. వీలైతే తలుపు విప్పి ఆ రెండు అంచులకూ పాలిష్ పట్టించండి. అయినా జూలైలో ఉబ్బి బిగుసుకుంటే రందా పట్టించకండి. చలికాలానికి చెక్క సన్నబడ్డాక, గొరిగినంత మేరా సందు మిగిలిపోతుంది.