లాలాగూడ నుంచి ఐర్లాండ్ దాకా: కెల్టిక్ మూలాలు వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ముందు ఒక మాట, ఐర్లాండ్, స్కాట్లాండ్, వేల్స్ వైపు భాషలకి, మూలాలకి వాడే ఆ మాట సెల్టిక్ కాదు కెల్టిక్. సెల్టిక్ అంటే గ్లాస్గోలో ఫుట్‌బాల్ టీమ్. నేను రెండేళ్ళు తప్పే పలికాను, ఎవ్వరూ చెప్పలేదు.

మా నానమ్మ సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టిన ఆంగ్లో ఇండియన్, పెళ్ళికి ముందు ఇంటిపేరుకి ముందర ఒక ‘ఓ’ ఉండేది. ఐరిష్‌లో ఓ అంటే మనవడు, ఆ వంశంవాడు అని, మాక్ అంటే కొడుకు. నానమ్మ ఉన్నన్నాళ్ళు ఎవ్వరం అడగలేదు, పోయాక నాకు బుద్ధి పుట్టింది, అందరిలాగే ముందు పోయి డీఎన్ఏ కిట్ ఆర్డర్ పెట్టాను. అదే మొదటి తప్పు. ఏదో పర్సెంటేజ్ వస్తది, ఒక మ్యాప్ మీద రంగు వస్తది, అంతే, ఊరు పేరు రాదు మనిషి పేరు రాదు. పైగా కెల్టిక్ జీన్ అని ఒకటి లేనేలేదు, 2015లో బ్రిటన్ అంతా తిరిగి చేసిన పెద్ద స్టడీలో వేల్స్, కార్న్‌వాల్, స్కాట్లాండ్ వాళ్ళు ఒకే గుంపుగా కాకుండా వేర్వేరు గుంపులుగా తేలారు. కెల్టిక్ అనేది భాషల కుటుంబానికి పెట్టిన పేరు, 1707లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే వేల్స్ ఆయన ఆ అర్థంలో వాడాడు. కిట్ డబ్బులు దాచుకోండి, దూరపు కజిన్స్ దొరకాలంటే తర్వాత చూద్దాం.

మొదలుపెట్టాల్సింది ఇక్కడే, సికింద్రాబాద్‌లో. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర బాప్టిజం సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, పాత రైల్వే పాస్, బైబిల్ మొదటి పేజీ ఏదున్నా ఫోటో తీస్కోండి, ఫోటోల వెనక రాసింది కూడా. ఏ చర్చో తెలిస్తే సగం పని అయినట్టే. ఈస్ట్ మారేడ్‌పల్లి దగ్గర సెయింట్ జాన్స్ 1813 నాటిది, అప్పట్లో ఆంగ్లికన్, అంటే చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్. క్యాథలిక్ అయితే సెయింట్ మేరీస్ చూడండి, అది కట్టించిన ఫాదర్ డేనియల్ మర్ఫీ స్వయంగా ఐర్లాండ్‌లో కార్క్ మనిషి, తర్వాత ఆస్ట్రేలియాలో హోబర్ట్‌కి ఆర్చ్‌బిషప్ అయ్యాడు. ఆదివారం మాస్ అయ్యాక రద్దీలో పోయి రిజిస్టర్ చూపించండి అంటే ఎవరికైనా చిరాకే, వారం మధ్యలో పోండి, పేరు, తేదీ అటూఇటూ ఐదేళ్ళు, మీకు ఏమవుతారు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి, రిజిస్టర్ ఫోటో మాత్రం అడక్కుండా తీయకండి. ఒకచోట నన్ను మూడుసార్లు తిప్పారు, నాలుగోసారి ఒక పెద్దావిడ పది నిమిషాల్లో వెతికి పెట్టింది. తండ్రి వృత్తి, రెజిమెంట్, గాడ్ పేరెంట్స్ పేర్లు, అన్నీ రాస్కోండి, ఎందుకంటే గాడ్ పేరెంట్స్ చాలాసార్లు చుట్టాలే ఉంటారు.

రిజిస్టర్ చెదలు తినేసింది అన్నారా, పరేషాన్ కావద్దు. అప్పట్లో చర్చిల నుంచి ఒక కాపీ మద్రాస్‌కి, అక్కడి నుంచి లండన్‌కి పోయేది, అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. సికింద్రాబాద్‌లో ఉన్నది మద్రాస్ ఆర్మీ కాబట్టి హైదరాబాద్ అని కాదు, మద్రాస్ లెక్కల్లో వెతకండి, నాకు ఇది తెలీక రెండు నెలలు పోయాయి. ఫిబిస్ అని బ్రిటిష్ ఇండియా కుటుంబాల సొసైటీ ఉంది, వాళ్ళ సెర్చ్ ఫ్రీ. రెజిమెంట్ పేరు దొరికితే ఇంకా మంచిది, ఉదాహరణకి ఈస్ట్ ఇండియా కంపెనీ కాలం నాటి మద్రాస్ ఫ్యూజిలియర్స్ 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో కలిసిపోయింది. బ్రిటిష్ ఆర్మీలో చేసి పెన్షన్ మీద దిగినవాళ్ళ కాగితాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, పుట్టిన పారిష్, అంటే ఏ చర్చి పరిధిలోని ఊరో, రాసి ఉంటది, మనకి కావాల్సింది ఆ ఒక్క లైనే.

పారిష్ దొరికాక ఐర్లాండ్ సంగతి. 1922లో అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డ్ ఆఫీస్ తగలబడి 1821 నుంచి 1851 దాకా సెన్సస్‌లు చాలావరకు బూడిదయ్యాయి, 1861 నుంచి 1891 దాకావి అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది, అందుకే పాతవాటిలో పూర్తిగా మిగిలినవి 1901, 1911వే, అవి ఆన్‌లైన్‌లో ఫ్రీ. జనన మరణాలు 1864 నుంచి ఐరిష్ జీనియాలజీ సైట్‌లో ఫ్రీ. అంతకు ముందుకైతే 1847 నుంచి 1864 మధ్య చేసిన గ్రిఫిత్ భూముల సర్వే, మన పహాణీ లాంటిదే అనుకోండి. స్కాట్లాండ్ అయితే స్కాట్లాండ్స్ పీపుల్, 1855 నుంచి రికార్డులు బాగుంటాయి గానీ డబ్బులు కట్టాలి. పాస్‌పోర్ట్ కోసం చేస్తున్నవాళ్ళకి ఒక మాట, ఐర్లాండ్‌లో పుట్టింది తాతో నానమ్మో అయితే సరే, ముత్తాత అయితే మామూలుగా రాదు.

ఇప్పుడు భాష. నన్నడిగితే కాగితాలు వచ్చేదాకా ఆగకుండా ఇది ఈరోజే మొదలుపెట్టాలి, ఎందుకంటే తెలుగువాళ్ళకి ఇది ఇంగ్లీష్‌వాళ్ళ కన్నా ఈజీ. ఐరిష్‌లో యస్, నో అనే మాటల్లేవు. అర్ ఓల్ తూ తే, అంటే టీ తాగావా. జవాబు దోల్, అంటే తాగాను. మనం ఇరానీ హోటల్లో కూర్చొని మాట్లాడేది అచ్చం ఇట్లనే కదా. నా దగ్గర పుస్తకం ఉంది అనాలంటే వాళ్ళు కూడా ఉంది, పుస్తకం, నా దగ్గర అనే అంటారు, ఇంగ్లీష్‌లోలాగా హ్యావ్ లేదు. ఇంకా మంచిది, మనుషుల్ని లెక్కపెట్టడానికి వేరే అంకెలు, బెర్చ్, త్రూర్, క్యాహ్రర్, అంటే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. ఆ చాప్టర్ దగ్గర అందరూ తల పట్టుకుంటారంట, నాకైతే నవ్వొచ్చింది.

వెల్ష్ తీస్కుంటే స్కూల్లో తిట్టుకుంటూ చదివిన గసడదవాదేశం పనికొస్తది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, కూర, కాయ కలిస్తే కూరగాయలు కదా. వెల్ష్‌లో తాద్ అంటే తండ్రి, నీ తండ్రి అంటే ద దాద్, కాథ్ అంటే పిల్లి, నీ పిల్లి అంటే ద గాథ్. అట్లని చుట్టరికం కలపొద్దు, మనది ద్రావిడ భాష, ఇదంతా యాదృచ్ఛికమే. యూట్యూబ్‌లో ఐరే అంటే ఆర్య అని చెప్పేవాళ్ళని కూడా లైట్ తీస్కోండి. ఐరిష్, వెల్ష్, స్కాటిష్ గేలిక్ మూడూ డ్యుయోలింగోలో ఉన్నాయి, కానీ ఐరిష్ ఉచ్చారణకి టాంగ్లన్ అనే సైట్ పెట్టుకోండి, ఒక్కో మాట మూడు యాసల్లో వినిపిస్తది. మీ పారిష్ ఏ వైపుదో ఆ యాసే పట్టుకోండి. మెట్రోలో పోతూ రేడియో నా గేల్తాక్తా అనే ఐరిష్ భాష రేడియో వింటుంటే నెలలో చెవి అలవాటవుతది.

ప్రకృతి ఆరాధన దగ్గర మాత్రం జాగ్రత్త, ఆన్‌లైన్‌లో అమ్మేది సగం కొత్త సరుకు. డ్రూయిడ్లు, అంటే పాత కెల్టిక్ పూజారులు, వాళ్ళ విద్యని రాసిపెట్టలేదు, సీజర్ లాంటి బయటివాళ్ళు రాసిందే ఉంది. రాళ్ళ వలయం తంతు యోలో మోర్గానుగ్ అనే వెల్ష్ కవి 1792లో లండన్‌లో మొదలుపెట్టింది, ఆయన పాత రాతప్రతులు కూడా సొంతంగా పుట్టించాడు. అయినా వేల్స్‌లో ఇప్పటికీ ప్రేమగా చేస్తారు. ఎనిమిది పండగల చక్రం 20వ శతాబ్దానిది, పాతవి నాలుగే: నవంబర్ 1 సావిన్, ఫిబ్రవరి 1 ఇంబోల్క్, మే 1 బ్యాల్తినా, ఆగస్ట్ 1 లూనసా. మూడింటి పేర్లు ఇప్పటికీ ఐరిష్‌లో నెలల పేర్లే.

మే 1 పండగకి వాళ్ళు వేసే మంటలు ఇక్కడ వేస్తే మనమే మాడిపోతాం, కాబట్టి వాళ్ళ సీజన్‌ని కాపీ కొట్టకండి. మీ ఇంటి దగ్గర ఒక చెట్టు ఎంచుకోండి, ఆ నాలుగు రోజులూ పోయి ఆకు, పూత, పిట్టలు చూసి రాస్కోండి. నాది ఒక వేపచెట్టు, కింద పోచమ్మ ఉంది. ఐర్లాండ్‌లో ఒంటరిగా ఉన్న హాథార్న్ అనే ముళ్ళచెట్టుని కొట్టరు, 1999లో క్లేర్ కౌంటీలో అట్లాంటి చెట్టు కోసం హైవే ప్లానే మార్చారు. అక్కడ పవిత్రమైన బావుల దగ్గర చెట్లకి గుడ్డముక్కలు కడతారు, మన ముడుపు లెక్క. గుడ్డ చివికిపోతే రోగం పోయినట్టంట, అందుకే కాటన్ కట్టండి, పాలిస్టర్ కడితే మీ రోగం అట్లనే ఉంటది.

సావిన్ అంటే పోయినవాళ్ళు ఇంటికొచ్చే రాత్రి, అక్టోబర్ 31 చీకటి పడ్డాక మొదలు. మా ఇంట్లో పెత్తరమాసకి నానమ్మ పేరు మీద బియ్యం ఇస్తాం, ఆవిడ క్యాథలిక్ అని ఎవ్వరూ పట్టించుకోలేదు. ఈసారి 31 రాత్రి కూడా ఒక ప్లేట్ పెడుతున్నా, ఉస్మానియా బిస్కెట్లు, పాలు తక్కువ చాయ్, ఆవిడకి అట్లనే కావాలి.